కొత్త హాట్ టబ్ వస్తోంది: కింద దిమ్మె, కరెంటు, నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

శ్రీను_ఫ్రిస్కో | సెప్టెంబర్ 14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ లాన్ గడ్డి గురించీ, చలికి చచ్చిపోయే కరివేపాకు మొక్కల గురించీ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఈసారి నాకే అవసరం పడింది.

ఆరుగురు కూర్చునే హాట్ టబ్ బుక్ చేశాం. 380 గ్యాలన్లు, 240 వోల్టులది. నాలుగు వారాల్లో వస్తుందట. ఉండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కో. వెనక పాటియో బిల్డరు పోసిన కాంక్రీటే. కాకపోతే టబ్బు సగం దాని మీద, సగం పక్కన పేవర్ల మీద (నేల మీద పరిచిన బిళ్ళలు) వస్తుంది. పర్వాలేదా?

ఎలక్ట్రీషియన్ 1900 డాలర్లు అడిగాడు. యూట్యూబ్ చూసి నేనే వైరు లాగేద్దామా అనిపిస్తోంది. షాపులో అబ్బాయేమో "వారానికి రెండు చెంచాల పౌడరు వేస్తే చాలు సార్, ఇంకేం చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మా ఆవిడ మాట వేరు: "ఆర్నెల్లు పోతే దాని మూత మీద వడియాలు పెట్టుకుందాంలే."

డిసెంబరులో అత్తయ్య, మామయ్య కాకినాడ నుంచి వస్తున్నారు. మామయ్యకి మోకాళ్ళ నొప్పులు. కొనడానికి సాకు కూడా అదే అనుకోండి.

మిషిగన్_మూర్తి | సెప్టెంబర్ 14

సగం సగం వద్దు శ్రీను గారూ. లెక్క చూడండి. 380 గ్యాలన్ల నీళ్ళే 3170 పౌండ్లు. ఖాళీ టబ్బు ఓ 800. ఆరుగురు మనుషులు ఇంకో వెయ్యి. మొత్తం 5000 పౌండ్లు, అంటే దాదాపు 2270 కిలోలు. కాంక్రీటు కదలదు, పేవర్లు రెండు వానలకి కిందకి దిగుతాయి. టబ్బు మెలితిరుగుతుంది, లోపల పైపుల అతుకులు వదులవుతాయి. అడుగు సమంగా లేదని తేలితే వారంటీ కూడా ఇవ్వరు. పేవర్లు తీయించి, అక్కడ నాలుగంగుళాల కాంక్రీటు పోయించండి. లేదా టబ్బునే పూర్తిగా పాటియో మీదకి జరపండి.

చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. టబ్బుని పక్కకి నిలబెట్టి, బండి మీద తోసుకొస్తారు. పక్క గేటు వెడల్పు కొలిచారా? మధ్యలో ఏసీ యూనిట్, గ్యాస్ మీటరు అడ్డం ఉంటాయి. మా ఇంట్లో మూడంగుళాలు చాలక రెండు ఫెన్స్ పలకలు ఊడదీయాల్సి వచ్చింది, అదీ డెలివరీ వాళ్ళు బయట నిలబడి గడియారం చూసుకుంటుంటే.

మోటారు ఉండే వైపు కనీసం రెండడుగులు వదలండి. గోడకి ఆనించేస్తే రిపేరు వచ్చిన రోజు నీళ్ళు తీసి టబ్బునే లాగాలి.

ఆంపియర్_ఆంజనేయులు | సెప్టెంబర్ 14

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే, పాతికేళ్ళుగా అదే పని. అయినా మా టబ్బుకి లైసెన్సు ఉన్నవాణ్ణే పిలిచాను. నీళ్ళలో ఒంటి మీద బట్టలు కూడా సరిగ్గా లేకుండా కూర్చుంటాం. యూట్యూబ్ ప్రయోగాలకి ఇది చోటు కాదు.

ఏం చేస్తున్నాడో మీకు తెలియడం కోసం చెబుతున్నా. 50 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది), ఆరో నంబరు రాగి వైరు, మొత్తం నాలుగు తీగలు. టబ్బు దగ్గర్నుంచి కనబడేలా ఒక డిస్కనెక్ట్ బాక్సు ఉండాలి. అది నీళ్ళకి కనీసం ఐదడుగుల దూరంలో ఉండాలి. తొట్లో కూర్చునే చెయ్యి చాపితే అందకూడదు, ప్రమాదం వస్తే పరిగెత్తి ఆపేంత దగ్గర ఉండాలి, అదీ దాని వెనక ఆలోచన. సిటీ పర్మిట్ తీయమనండి. పర్మిట్ ఎందుకులే అనేవాడైతే ఆ మనిషే వద్దు.

బిగించేటప్పుడు ఒక్కటి పక్కన నిలబడి చూడండి. టబ్బు నుంచి వచ్చే తెల్ల వైరు, అంటే న్యూట్రల్, జీఎఫ్‌సీఐ బ్రేకరుకే బిగించాలి. బ్రేకరుకి పుట్టుకతో ఉండే చుట్టల తెల్ల వైరు న్యూట్రల్ బార్‌కి వెళ్ళాలి. ఇవి తారుమారైతే ఆన్ చేసిన క్షణంలో టప్పున పడిపోతుంది.

హెచ్‌ఓఏ_బాధితుడు | సెప్టెంబర్ 15

హెచ్‌ఓఏకి, అదే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి, ముందే దరఖాస్తు పెట్టండి. నేను పెట్టకుండా బిగించాను. ఎదురింటి పెద్దాయన మేడ మీంచి చూసి ఉత్తరం రాశాడు. ఇంతకంటే చెప్పను, మళ్ళీ కోపం వస్తుంది.

ఊరికే_చదువుతా | సెప్టెంబర్ 15

మా ఊళ్ళో పొలం మోటారు కింద సిమెంటు తొట్టి ఉండేది. ఎండాకాలం సెలవులన్నీ అందులోనే. గేదెలు తాగేవి, మేం దూకేవాళ్ళం, మా తాత పంచె ఉతుక్కునేవాడు. పీహెచ్ ఎంతో ఎవరూ అడగలేదు. మీ హడావుడి చూస్తుంటే నవ్వొస్తోంది సార్ :)

పద్మ_సియాటిల్ | సెప్టెంబర్ 15

నవ్వుకోండి గానీ మీ మాటలోనే జవాబుంది. మోటారు తొట్లో నీళ్ళు పారుతుంటాయి. ఓ పక్క పడుతుంటాయి, ఇంకో పక్క కాలవలోకి పోతుంటాయి. పైగా చల్లటివి. హాట్ టబ్‌లో ఉండేవి నిలవ నీళ్ళు, అదీ ఒంటికి హాయిగా తగిలేంత వేడిలో. మనకి హాయి అంటే సూక్ష్మజీవులకీ హాయే. మీ తాతగారి తొట్టికి అడుగున బెజ్జం మూసేసి, కింద సన్నటి మంట పెట్టి, నలుగురు మనుషుల్ని మూడు నెలలు అందులోనే స్నానం చేయించండి. తర్వాత గేదె కూడా దగ్గరికి రాదు.

శ్రీను గారూ, షాపబ్బాయి చెప్పిన రెండు చెంచాల మాట ఇప్పుడే మర్చిపోండి. రంగు పట్టీలు కాకుండా చుక్కలు లెక్కపెట్టే టెస్ట్ కిట్ కొనండి. నేను వాడేది టేలర్ వాళ్ళ కే-2006. టబ్బు కంటే ముందు అది ఇంటికి రావాలి.

ఊరికే_చదువుతా | సెప్టెంబర్ 15

అక్కా, దండం. గేదె మాట గుర్తుంటుంది.

శ్రీను_ఫ్రిస్కో | అక్టోబర్ 13

వచ్చేసింది! పేవర్లు తీయించి కాంక్రీటు పోయించాం. హెచ్‌ఓఏ పదకొండు రోజులు కూర్చోబెట్టి సరే అంది. ఎలక్ట్రీషియన్ వెళ్ళాక బ్రేకరు ఆన్ చేశా. టప్! ఆంజనేయులు గారి మాట గుర్తొచ్చి ఫోన్ చేస్తే వెనక్కి వచ్చాడు. మూత తీసి చూస్తే మీరు చెప్పిన తెల్ల వైరే. నా ముందే మార్చాడు, సారీ అన్నాడు.

తర్వాత గొట్టం పెట్టి నీళ్ళు నింపా. మోటారు మూలుగుతోంది గానీ జెట్‌లలోంచి ఒక్క చుక్క రావడంలేదు. తెరమీద ఎఫ్‌ఎల్‌ఓ అని మెరుస్తోంది. పిల్లలు స్విమ్ డ్రెస్సులు వేసుకుని తువ్వాళ్ళతో నిలబడ్డారు. టెన్షన్‌గా ఉంది, త్వరగా చెప్పండి.

మిషిగన్_మూర్తి | అక్టోబర్ 13

గాలి పట్టేసింది. కంగారేం లేదు, ముందు మోటారు ఆపేయండి, ఉత్తినే తిరిగితే పాడవుతుంది. టబ్బు మధ్యలో గొట్టం పడేసి నింపి ఉంటారు. ఫిల్టరు తీసి ఆ గుంతలోంచి నింపాలి, అప్పుడు నీళ్ళు పైపుల్లో కింద నుంచి పైకి గాలిని తోసుకుంటూ వస్తాయి.

బ్రేకరు ఆపి, పంపు దగ్గర చేత్తో తిప్పే పెద్ద ప్లాస్టిక్ నట్టు కొంచెం వదులు చేయండి. బుస్సుమని గాలి పోతుంది. నీళ్ళు కారడం మొదలవగానే బిగించేయండి. అంతే.

శ్రీను_ఫ్రిస్కో | అక్టోబర్ 13

బుస్సుమంది! పది సెకన్లు. జెట్‌లు కొడుతున్నాయి. మూర్తి గారూ, మీకో కాఫీ బాకీ.

సాయంత్రం నాలుగుకి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. రాత్రి పదింటికి 101. పిల్లలు అప్పటికే నిద్రపోయారు, నేనూ మా ఆవిడా దిగాం.

ఆంపియర్_ఆంజనేయులు | అక్టోబర్ 13

లెక్క సరిపోయింది. 380 గ్యాలన్లని 31 డిగ్రీలు పెంచడానికి దాదాపు 29 యూనిట్లు కావాలి. 5.5 కిలోవాట్ల హీటరుకి ఐదుంబావు గంటలు, పోయే వేడితో కలిపి ఆరు. మామూలు ప్లగ్గుకి పెట్టుకునే 120 వోల్టుల టబ్బుల్లో ఒక కిలోవాట్ హీటరు ఉంటుంది. అదైతే మర్నాడు రాత్రి దాకా ఎదురుచూడాలి. కొనబోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

పద్మ_సియాటిల్ | అక్టోబర్ 14

దిగేశారా! క్లోరిన్ వేశారా ముందు? సరే, అయిందేదో అయింది. ఇవాళ కిట్ తీసి కొలిచి చెప్పండి. పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచేది), కాల్షియం, క్లోరిన్.

శ్రీను_ఫ్రిస్కో | అక్టోబర్ 14

కొలిచా. చిన్నప్పుడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిప్పెట్ పట్టుకున్నాక మళ్ళీ ఇదే. ఆల్కలినిటీకి ఆకుపచ్చ నీళ్ళు తొమ్మిదో చుక్కకి ఎర్రబడ్డాయి, అంటే 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90). కాల్షియం 140. పీహెచ్ 8 దగ్గర. క్లోరిన్ దాదాపు సున్నా, కానీ మూడో సీసా చుక్కలు వేస్తే మళ్ళీ గులాబీ రంగు తిరిగింది. అదేమిటి?

పద్మ_సియాటిల్ | అక్టోబర్ 14

మీ ఊరి కుళాయి నీళ్ళలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసింది) ఉంటుంది, కిట్ దాన్ని పట్టుకుంది. క్లోరిన్ దండిగా వేస్తే పోతుంది.

ఇప్పుడు వరసగా. ముందు ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్. మీకు 90 ఉంది కాబట్టి పెంచే పనిలేదు. (తక్కువున్నవాళ్ళకి: వంటసోడానే. మీ సైజు టబ్బులో 25 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. షాపులో దాన్నే రంగుల డబ్బాలో పోసి నాలుగు రెట్లకి అమ్ముతారు.) పీహెచ్ 7.4 నుంచి 7.6 మధ్యకి దించండి, దానికి పొడి యాసిడ్, సోడియం బైసల్ఫేట్. ఒక్కసారిగా వద్దు. చెంచా వేసి, జెట్‌లు అరగంట తిప్పి, మళ్ళీ కొలవండి. జెట్‌లు, గాలి బుడగలు పీహెచ్‌ని పైకి లాగుతూనే ఉంటాయి. ఆల్కలినిటీ 60కి దిగేదాకా వారానికి రెండుసార్లు ఈ యాసిడ్ తంతు తప్పదు, తర్వాత నిలబడుతుంది.

కాల్షియం 140కి కంగారు లేదు, 150 దగ్గర్లో ఉంటే చాలు. మా సియాటిల్ నీళ్ళలో 25 కూడా ఉండదు, నురగ ఊరికే వస్తుంది, నేను కొని కలుపుతాను. మీకు ఆ ఖర్చు తప్పింది.

క్లోరిన్ విషయంలో నా పద్ధతి ఇది. మొదటి పది రోజులు డైక్లోర్ అనే క్లోరిన్ పౌడరు. దాంతోపాటు సయన్యూరిక్ యాసిడ్ నీళ్ళలో చేరుతుంది. అది 30 పీపీఎం దగ్గరికి రాగానే పౌడరు ఆపి, మామూలు బ్లీచ్‌కి మారండి. పౌడరే వేస్తూ పోతే రెండు నెలల్లో ఆ యాసిడ్ వంద దాటుతుంది. అప్పుడు కిట్‌లో క్లోరిన్ కనిపిస్తుంది గానీ పని చేయదు, పెళ్ళిలో కుర్చీ ఎక్కి కూర్చున్న పెద్దమనిషిలా. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అయితే హాట్ టబ్‌లో సయన్యూరిక్ యాసిడ్ ఉన్న క్లోరిన్ అసలే వద్దంటుంది. నా అనుభవంలో కాస్త ఉంటే కళ్ళు మండవు, అంతవరకే వాడతాను.

వాసన లేని, చిక్కదనం కలపని ఉత్త బ్లీచ్ చూసి కొనండి. లేబుల్ మీద శాతం చూడండి. 6 శాతంది అరకప్పు పోస్తే మీ టబ్బులో 5 పీపీఎం పెరుగుతుంది. ఒక మనిషి గంట కూర్చుంటే ఇంకో 150 మిల్లీలీటర్లు దానికోసం పోయాలి. 3కి తగ్గనివ్వకండి.

రెండు రకాల క్లోరిన్ ఒకే గిన్నెలో, ఒకే చెంచాతో కలపొద్దు. యాసిడ్, బ్లీచ్ ఒకదాని వెంట ఒకటి వేయొద్దు. ఎప్పుడూ మందునే నీళ్ళలో వేయాలి, మందు మీద నీళ్ళు పోయకూడదు. వేశాక మూత ఓ ఇరవై నిమిషాలు తెరిచి ఉంచండి, లేకపోతే ఆ ఆవిరి మూత అడుగుని తినేస్తుంది.

ప్లేనో_పార్థు | అక్టోబర్ 14

పద్మ గారూ, మా ఇంట్లో ఈ పోస్టు ప్రింట్ తీసి గరాజ్ గోడకి అతికించాం. పెద్దమనిషి వాక్యం కింద గీత కూడా గీశాం.

శ్రీను_ఫ్రిస్కో | నవంబర్ 2

తల వంచుకుని రాస్తున్నా. దీపావళి రోజు పొద్దున ఇంట్లో అందరికీ తలంట్లు. నువ్వుల నూనె, నలుగుపిండి, కుంకుడుకాయ, అన్నీ పద్ధతిగా. సాయంత్రం నాలుగు కుటుంబాలు వచ్చాయి. టపాసులు అయ్యాక పిల్లలు తొమ్మిదిమంది టబ్బులో దూకారు. జెట్‌లు ఆన్ చేశా. రెండు నిమిషాల్లో నురగ. ఐదు నిమిషాల్లో అంచు దాటి పాటియో మీదకి. మా చిన్నాడి తల మాత్రమే కనబడుతోంది, పైన నురగ కిరీటం. అందరూ వీడియోలు తీసుకున్నారు.

పొద్దున చూస్తే నీళ్ళు పాలు కలిపిన కుడితిలా ఉన్నాయి. అంచు చుట్టూ జిడ్డు గీత. వేలితో రాస్తే నువ్వుల నూనె వాసన. క్లోరిన్ సున్నా.

పద్మ_సియాటిల్ | నవంబర్ 2

తొమ్మిదిమందా! నవ్వాపుకోలేకపోతున్నా, క్షమించండి.

నురగ ఆపే మందు కొనకండి, అది మేకప్ మాత్రమే. ఫిల్టర్లు తీసి గొట్టంతో మడతమడతా కడగండి, ఆపైన ఫిల్టర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి. రెండో జత కొని పెట్టుకుంటే మారుస్తూ ఉండొచ్చు. అంచు జిడ్డు తెల్ల గుడ్డతో తుడవండి. బ్లీచ్ పోసి 10కి తీసుకెళ్ళి, అక్కడే నిలబెట్టండి.

ఇకమీద రూలు: సబ్బు లేకుండా ఒళ్ళు కడుక్కుని దిగాలి, నూనె తలలు ముడేసి పైన ఉండాలి, స్విమ్ డ్రెస్సులు డిటర్జెంట్‌లో వేయకుండా ఉత్త నీళ్ళలో జాడించాలి. లోషన్ రాసుకున్నవాళ్ళు ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పొచ్చు.

నర్సు_ఎడిసన్ | నవంబర్ 2

శ్రీను గారూ, క్లోరిన్ సున్నాలో తొమ్మిదిమంది పిల్లలు కూర్చున్నారు కాబట్టి ఓ మాట. రేపో ఎల్లుండో ఎవరికైనా ఎర్రటి దురద పొక్కులు, ముఖ్యంగా స్విమ్ డ్రెస్ కింద వస్తే, అది చెమటకాయ కాదు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, వెంట్రుకల కుదుళ్ళలో చేరుతుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, జ్వరం వస్తే మాత్రం డాక్టరుకి చూపించాలి. మిగతా మూడు ఇళ్ళవాళ్ళకీ ఫోన్ చేసి చెప్పండి, మొహమాటపడకండి.

ఐదేళ్ళ లోపు పిల్లలు హాట్ టబ్‌లో దిగకూడదు. ఆ తొమ్మిదిలో బుడతలు లేరనుకుంటున్నా.

శ్రీను_ఫ్రిస్కో | నవంబర్ 9

ఒకమ్మాయికి పొక్కులు వచ్చాయి, తగ్గిపోయాయి. వాళ్ళమ్మ ఇప్పుడు మాట్లాడుతోంది, మొదటి రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు గొడవ ఇది. నీళ్ళు తేటపడ్డాయి. నురగ లేదు. కానీ క్లోరిన్ నిలవడంలేదు. రాత్రి 8 పెట్టి మూత వేస్తే పొద్దున్నే 0.5. ఎవరూ దిగలేదు, నీళ్ళు శుభ్రం చేసే ఓజోన్ పరికరం కూడా ఆపి చూశా. వారం నుంచి రోజూ బ్లీచ్ పోస్తున్నా. బ్లీచ్ కొంటున్నానా, టబ్బుని మేపుతున్నానా అర్థం కావడంలేదు.

పద్మ_సియాటిల్ | నవంబర్ 9

నీళ్ళలో లేదు జబ్బు, పైపుల్లో ఉంది. నింపడానికి ముందు పైపులు కడిగే జెల్ వాడారా?

శ్రీను_ఫ్రిస్కో | నవంబర్ 9

లేదు. కొత్త టబ్బే కదా! ఎవరు దిగారు అందులో?

మిషిగన్_మూర్తి | నవంబర్ 9

అందరం అక్కడే బోల్తా పడతాం. కంపెనీలో చాలా టబ్బులకి నీళ్ళు నింపి, కారుతుందేమో పరీక్ష చేసి, ఖాళీ చేస్తారు. పైపుల మెలికల్లో కాసిని నీళ్ళు మిగిలిపోతాయి. గోడౌన్‌లో, లారీలో, షాపులో నెలల తరబడి అలా ఉంటే లోపల జిగురు పొర కడుతుంది. దాని మీద మీరు నూనె పోశారు. మీరు వేసే క్లోరిన్ అంతా ఆ పొరతో యుద్ధం చేసి అయిపోతోంది, పొర మాత్రం పైపైనే అరుగుతోంది.

నేను ఆసమ్ అనే జెల్ వాడతాను. ఫిల్టర్లు తీసేయండి, క్లోరిన్ బాగా పెంచండి, జెల్ వేసి అన్ని జెట్‌లూ ఫుల్లుగా తిప్పండి. అరగంటకోసారి వచ్చి అంచు తుడవండి. పాత తువ్వాలు వాడండి, తర్వాత అది పారేయడమే.

శ్రీను_ఫ్రిస్కో | నవంబర్ 10

పది నిమిషాల వరకు తెల్ల నురగే, ఏం లేదులే అనుకున్నా. తర్వాత ఒక మూల జెట్‌లోంచి ఏదో జారింది. గోధుమరంగు, కాస్త ఆకుపచ్చ, కాచిన పాల మీద మీగడ తరకలా ముడతలు పడి తేలుతోంది. వేళ్ళతో పట్టుకుంటే జారిపోతోంది, చేపల బజారు వాసన. రెండు గంటల్లో అంచు చుట్టూ బెత్తెడు మేర అంటుకుంది. ఇందులోనే మేం నెల రోజులు హాయిగా కళ్ళు మూసుకుని కూర్చున్నామా!

మా ఆవిడ వచ్చి చూసింది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి స్నానం చేసింది.

పద్మ_సియాటిల్ | నవంబర్ 10

రెండోసారి కూడా జెల్ వేయండి, ఏమీ రానిదాకా. ఖాళీ చేసేముందు బ్రేకరు ఆపడం మర్చిపోవద్దు, నీళ్ళు లేకుండా హీటరు వెలిగితే అంతే సంగతులు. ఈ నీళ్ళు వీధి కాలవలోకి వదలకండి, చాలా సిటీల్లో ఊరుకోరు. ఇంటి మురుగు పైపు క్లీనౌట్‌లోకి (శుభ్రం చేయడానికి మూతతో ఉండే నోరు) పంపు పెట్టండి. ఈసారి ఫిల్టరు గుంతలోంచి నింపండి :)

శ్రీను_ఫ్రిస్కో | నవంబర్ 13

రెండు విడతలు కడిగి కొత్త నీళ్ళు పోశా. నిన్న రాత్రి 6, ఇవాళ పొద్దున 5. చుక్కలు రెండుసార్లు లెక్కపెట్టా, నమ్మకం కుదరక.

కొండాపూర్_వాసు | డిసెంబర్ 6

ఈ చర్చ మొత్తం చదివిన. మాది హైదరాబాద్. ఇంటి డాబా మీద జకూజీ పెట్టాలని ఉంది, నలుగురు పట్టేది, వెయ్యి లీటర్లు. అమెరికాలో ఉన్న మా బావ అక్కడి నుంచి షిప్‌లో పంపిస్త అంటున్నడు. నీళ్ళు బోరువే. టెస్ట్ చేయిస్తే హార్డ్‌నెస్ 640 వచ్చింది. సలహా చెప్పండి అన్నలూ.

స్లాబ్_సుబ్బారావు | డిసెంబర్ 6

వాసు గారూ, నేను హైదరాబాద్‌లోనే స్ట్రక్చరల్ ఇంజనీరుని. మనుషులు తిరిగే డాబాకి కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్క వేస్తాం, గదులకైతే 200. మీ టబ్బు వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు, దాని బరువు, నలుగురు మనుషులు కలిపి 1600 దాకా. రెండు మీటర్లకి రెండు మీటర్లు అనుకుంటే చదరపు మీటరుకి 400. మామూలు డాబా దీనికోసం కట్టింది కాదు. బీముల మీద, స్తంభాల దగ్గర పెట్టి బలపరచొచ్చేమో గానీ, మీ ఇంటి డ్రాయింగులు చూడకుండా సరే అనే ఇంజనీరు దొరికితే ఆయన్ని నమ్మకండి.

ఆంపియర్_ఆంజనేయులు | డిసెంబర్ 6

అమెరికా టబ్బు అసలొద్దు. ఇక్కడి పంపులు 60 హెర్ట్జ్‌కి చేసినవి, అక్కడ మనది 50. మోటారు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. పైగా ఇక్కడ 240 అంటే రెండు లైవ్ తీగల మధ్య, నడుమ న్యూట్రల్. అక్కడ 230 అంటే ఒకే లైవ్ తీగకీ న్యూట్రల్‌కీ మధ్య. 50 హెర్ట్జ్‌కి తయారైనదే కొనండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగ్ లేకుండా నీళ్ళు నింపొద్దు. బావగారిని డబ్బు పంపమనండి, అదే మేలు.

పద్మ_సియాటిల్ | డిసెంబర్ 6

640 నీళ్ళని వేడి చేస్తే హీటరు మీద సున్నం పేరుకుంటుంది, గీజరు రాడ్ చూసే ఉంటారుగా. తాగే నీళ్ళకే 600 మించకూడదంటారు. మున్సిపల్ నీళ్ళతో గానీ, సాఫ్ట్‌నర్ నీళ్ళు మూడింట రెండు వంతులు కలిపి గానీ 200 దగ్గరికి తెచ్చుకోండి. ఇంకోటి, జకూజీ అనేది ఒక కంపెనీ పేరు. ఇటలీ నుంచి వచ్చిన అన్నదమ్ముల ఇంటిపేరు. వాళ్ళలో ఒకాయన కీళ్ళవాతంతో బాధపడే కొడుకు కోసం తొట్లో పెట్టే పంపు తయారు చేయడంతో ఈ దారి మొదలైంది. శ్రీను గారి మామయ్య మోకాళ్ళు గుర్తొచ్చి చెప్పాను.

శ్రీను_ఫ్రిస్కో | డిసెంబర్ 21

మామయ్య వచ్చారు. బీపీ మాత్రలు వేసుకుంటారు. దింపొచ్చా?

నర్సు_ఎడిసన్ | డిసెంబర్ 21

ముందు ఆయన డాక్టర్ని అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. వేడి నీళ్ళలో రక్తనాళాలు వెడల్పై బీపీ పడుతుంది, మాత్ర కూడా అదే పని చేస్తుంది. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. సరే అంటే 104 వద్దు, 100 లోపు పెట్టి పది నిమిషాలు చాలు. బయటికి వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకోండి. షుగర్ ఉంటే పాదాలకి వేడి తెలియకపోవచ్చు, అదీ చూసుకోండి. మందు గ్లాసుతో దిగే బంధువులుంటే వాళ్ళని వేరే పూట దింపండి, లేదా దింపకండి.

క్లోరిన్ తగ్గనివ్వకపోవడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా ఈ వేడిలోనే పెరుగుతుంది, ఆవిరి తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సంఘం సభకి వచ్చినవాళ్ళలో బయటపడింది, వాళ్ళ పేరే దానికి వచ్చింది. యాభై దాటినవాళ్ళకే ఎక్కువ ప్రమాదం.

శ్రీను_ఫ్రిస్కో | డిసెంబర్ 24

డాక్టరు సరే అన్నారు. 98కి దించాను. మామయ్య లుంగీతోనే దిగుతానన్నారు, అత్తయ్య కేకలేస్తే నా షార్ట్స్ వేసుకున్నారు. జెట్ మోకాలికి ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు కూర్చుని, "గంగాళంలో కూర్చున్నట్టుంది అల్లుడూ, కాకపోతే దీనికి కట్టెలక్కర్లేదు" అన్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికి ఆయనే వెళ్ళి మూత తెరుస్తున్నారు. చుక్కలు లెక్కపెట్టడం కూడా నేర్చుకున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, నోట్‌బుక్‌లో తేదీలవారీగా రాస్తున్నారు.

ప్లేనో_పార్థు | జనవరి 6

గడ్డకట్టే చలి వస్తోందంటున్నారు కాబట్టి నా అనుభవం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చాలాచోట్ల కరెంటు పోయినప్పుడు మాకు దాదాపు 36 గంటలు లేదు. 102లో ఉన్న టబ్బు 79కి దిగింది, అంతే. మూత మీద రెండు రగ్గులు, పైన టార్పాలిన్ కట్టాను. అంత నీళ్ళు త్వరగా చల్లారవు. భయమంతా పక్క పెట్టెలో ఉండే సన్నటి పైపులకి, పంపుకి. అవి ముందు గడ్డకడతాయి. కరెంటు ఉన్నంతసేపూ టబ్బు ఆపకండి, పొదుపని వేడి తగ్గించకండి. కరెంటు రోజుల తరబడి రాదనిపిస్తే, లోపల గడ్డకట్టకముందే ఖాళీ చేసి, పంపు నట్లు వదులు చేసి, పైపుల్లో మిగిలింది వ్యాక్యూమ్‌తో లాగేయాలి.

ఇంకో ఉపయోగం. మాకు కుళాయి కూడా ఆగింది. నాలుగు రోజులు టాయిలెట్లలోకి బకెట్లతో టబ్బు నీళ్ళే మోశాం.

ఊరికే_చదువుతా | జనవరి 6

చూశారా, చివరికి మా తాత తొట్టిలాగే వాడుకున్నారు.

శ్రీను_ఫ్రిస్కో | ఫిబ్రవరి 16

మూడు నెలలైంది, నీళ్ళు మార్చాం. ముందు మళ్ళీ జెల్ వేశా. ఈసారి అంచున చిటికెడు బూడిదరంగు మరక, అంతే. మామయ్య నోట్‌బుక్ ప్రకారం క్లోరిన్ 3 కంటే తగ్గింది రెండే రోజులు. రెండుసార్లూ నేను ఆఫీసు పని మీద ఊళ్ళో లేను, ఎర్ర ఇంకుతో రాశారు. వాళ్ళు వచ్చే వారం వెళ్ళిపోతున్నారు. వెళ్ళాక ఎవరు లెక్కపెట్టాలి అని ఇంట్లో చర్చ నడుస్తోంది.

కొండాపూర్_వాసు | ఫిబ్రవరి 17

అందరికీ థాంక్స్. మా ఇంజనీరు కూడా డాబా మీద వద్దన్నడు. కింద పెరట్లో దిమ్మె కట్టిస్తున్నం, మామిడి చెట్టు నీడల. నీడ ఉంటే ఎండాకాలం కూడా కూర్చోవచ్చని.

పద్మ_సియాటిల్ | ఫిబ్రవరి 17

ఇప్పుడు ఆ చెట్టు పూతలో ఉందా లేదా? వెళ్ళి కింద నేల చూసి రండి. చోటు మార్చండి వాసు గారూ, దిమ్మె ఆరకముందే.